పాదాల రాయి చూసిన దిక్కు

అత్తవారింటికి వెళ్ళిన అల్లుడు కోడికూర తిని, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, కొత్త పంచెలు పుచ్చుకుని తిరుగు బస్సెక్కాలి. పోయిన నెల నేను ఆ పద్ధతి తప్పాను. దాంతో ఒక పెద్దాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను చిత్తూరు జిల్లాలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాను. చివరికి నా జన్మలో ఎన్నడూ లేనంతగా నోరెళ్ళబెట్టాను. అటు వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళిన వాళ్ళు కూడా ఇలా వెళ్ళి ఉండరు.

మాది తెనాలి. టెలిఫోన్ కేబుళ్ళు పూడ్చే కాంట్రాక్టరు దగ్గర సర్వే పని నాది. ఈ మధ్యే మాకు అరచేతిలో పట్టే జి.పి.ఎస్. మిషను ఒకటి ఇచ్చారు. ఆరుబయట పట్టుకుని నిలబడితే ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను బట్టి, మనం ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉన్నామో చెబుతుంది. ఒక చోటు అంకెలు తెలిస్తే చాలు, అక్కడి నుంచి ఫలానా దిక్కుగా ఫలానా దూరం పోతే ఎక్కడ తేలతామో కాగితం మీద లెక్క కట్టుకోవచ్చు. కొత్త మోజు కదా, దాన్ని వదిలి ఉండలేక అత్తగారి ఊరికి కూడా పట్టుకెళ్ళాను.

పూతలపట్టు పక్కన

మా మామగారు మునెప్ప నాయుడిది పూతలపట్టు కూడలికి దగ్గరలో చిన్న ఊరు. చుట్టూ మామిడి తోటలు, చెరకు, బెల్లం వండే గానుగలు. పొద్దున్నే రాగి సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిమిండి. మా వైపు వేరుశనగ పచ్చడి అంటే ఇడ్లీలోకి పలచగా చేసేది. ఇక్కడ దాన్ని రోట్లో గట్టిగా నూరి, సంగటి ముద్దకు గుంట చేసి అందులో పెడతారు. పెళ్ళైన కొత్తలో సంగటి నమిలి తినబోతే ఇల్లంతా నవ్వింది. దాన్ని మింగాలట.

ఆ ఇంటి దొడ్లో ఒక రాతి పలక ఉంది. దాని మీద చెక్కిన జత పాదాలు. వేళ్ళు తిరుమల కొండను చూస్తాయని ఇంట్లో అందరి నమ్మకం. రోజూ స్నానం చేసి, నామం పెట్టుకుని, మామగారు ఆ మడమల వెనక నిలబడి వేళ్ళు చూపే వైపు దండం పెడతారు. ఆ తరువాతే నోట్లో మెతుకు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా ఆ పద్ధతి తప్పలేదని మా ఆవిడ సుగుణ గొప్పగా చెబుతుంది. మా తెనాలిలో దేవుడి పటం ఏ గోడకు ఉంటే ఆ గోడకు మొక్కుతాం. ఇక్కడ పటం కన్నా దిక్కు ముఖ్యం. మంచం వేసినా కాళ్ళు కొండ వైపు రాకుండా చూసుకుంటారు.

నా మిషను చూసి మామగారు అడిగారు.

"ఏమప్పా అల్లుడా, ఈడ్నుండి కొండ యాపక్కుండాదో సూపిస్తాదా ఇది?"

"చూపిస్తుంది మామయ్యా. ఎంత దూరమో కూడా చెబుతుంది."

"దూరం మాకు తెలుసులే. నాలుగు ఆమడలు. మా తాత చెప్పినాడు."

మిషన్లో తిరుమల అంకెలు ఎక్కించాను. దూరం నలభై ఆరు కిలోమీటర్లు చూపించింది. ఆమడ అంటే ఎనిమిది మైళ్ళని ఒకరు, కాస్త తక్కువని ఇంకొకరు చెబుతారు కాబట్టి నాలుగు ఆమడలు దాదాపు సరిపోయాయి. మామగారు మీసం దువ్వుకున్నారు. కానీ మిషన్లోని బాణం పాదాల వేళ్ళ వైపు తిరగలేదు. కుడి పక్కకు తిరిగి పశువుల కొట్టాన్ని చూపించింది. విదిలించాను. దొడ్లోంచి పొలంలోకి వెళ్ళి మళ్ళీ చూశాను. దిక్సూచి తెచ్చి రాయి మీద పెట్టాను. కొండ ఉన్నది ఈశాన్యంలో. పాదాల వేళ్ళు ఉత్తరాన్ని కూడా దాటి పడమర వైపు వాలి ఉన్నాయి. గడియారంలో పన్నెండుకీ రెండున్నరకీ మధ్య ఎంత ఎడం ఉంటుందో అంత తేడా.

 నోరు మూసుకుని ఉండవలసిందే. ఉండలేదు. "మామయ్యా, రాయి తప్పు చూపిస్తోంది" అనేశాను.

ఇన్నేళ్ళుగా ఎవరికీ ఎందుకు అనుమానం రాలేదని మీరు అడగవచ్చు. తిరుపతి బస్సు ఎక్కడానికి పోయే దారి ముందు ఆ వైపే తిరుగుతుంది. ఆ వైపే దూరంగా ఒక నల్లటి గుట్ట కూడా కనబడుతుంది. పెద్దలు చెప్పిన దూరం సరిపోయింది. ఇంక దిక్కును ఎవరు కొలుస్తారు?

మామగారు బట్టలుతికే బండ మీద కూలబడ్డారు. అత్తయ్య సంగటి తెస్తే చేత్తోనే వద్దన్నారు.

"మూడు తరాలబ్బా. మా తాత, మా నాయన, నేను. అయితే ఇన్నేండ్లు మేము మొక్కింది దేనికి?"

"అయ్యిందేదో అయ్యింది, ఇప్పుడు ఈశాన్యం తిరిగి మొక్కుకోండి మామయ్యా" అన్నాను.

"నాయన మొక్కిన దిక్కు తప్పో, నీ మిషను తప్పో తేలాల. తేలేదాకా నేను యాపక్కని తిరిగేది? మొక్కకుండా ఎట్ల తినేది?"

అత్తయ్య నా వైపు చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. సుగుణ అయితే మిషను లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది.

కలికిరి అవతల

మొక్కింది దేనికి అన్న ప్రశ్నకు జవాబైనా తెద్దామని లెక్క కట్టాను. పని సులువే. మామగారి దొడ్డి నుంచి పాదాల వేళ్ళ దిక్కుగా నలభై ఆరు కిలోమీటర్లు. దాన్ని ఉత్తరానికి ఎంత, పడమరకు ఎంత అని రెండు ముక్కలు చేయాలి. ఉత్తర దక్షిణాలకు ఒక్కో డిగ్రీకి నూట పదకొండు కిలోమీటర్లు. తూర్పు పడమరలకు ఈ ప్రాంతంలో నూట ఎనిమిది. ఆ ప్రకారం డిగ్రీలు కలిపి, తీసేస్తే వచ్చిన చోటు కలికిరి ప్రాంతంలో పడింది. బియ్యం డబ్బాలోంచి మిషను తీసుకుని పాకాల, పీలేరు మీదుగా బస్సుల్లో బయలుదేరాను. పీలేరులో మూడు రూపాయలకు నాలుగు ఇడ్లీలు పెట్టారు. ఆయన అక్కడ పస్తున్నాడని గుర్తొచ్చి రెండు వదిలేసి లేచాను.

మిషను చెప్పిన చోట చెనక్కాయల చేను ఉంది. అందులో కలుపు తీయిస్తున్న రైతు పేరు బాషా. నా వాలకం చూసి కరెంటు ఆఫీసు మనిషిననుకుని, స్తంభం తన చేలో పాతవద్దని ముందే పోట్లాటకు దిగాడు. విషయం చెప్పేసరికి పోట్లాట మరిచిపోయాడు.

"మా చేనుకా? మూడు తరాలుగానా? తిరుపతి కొండనుకోని మొక్కినారా?"

"అవునండీ."

బాషా కిందికి చూసుకున్నాడు. గబగబా గట్టు మీదికి పోయి కాళ్ళకున్న చెప్పులు విడిచాడు. ఆడకూలీలు నవ్వితే కసురుకున్నాడు. "నవ్వొద్దండే! ఎవురిదో పెద్దమనిషి దండం రోజూ ఈడొచ్చి పడతా ఉంటే నేను ఎద్దుల్ని తిట్టుకుంటా తిరిగినానే ఈ చేన్లో!"

నాకు అన్నం పెట్టేదాకా వదల్లేదు. జొన్నరొట్టె, వంకాయ పులుసు. వచ్చేటప్పుడు ఒక కట్ట చెనక్కాయల చెట్లు పీకి, మట్టి దులిపి చేతికిచ్చాడు. "పెద్దాయనకు ఇయ్యి. ఇన్ని దండాలు తీసుకోని ఉత్త చేతుల్తో పంపిస్తే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

మళ్ళీ దొడ్లోకి

సాయంత్రం ఆ కట్ట మామగారి ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన ఒక కాయ చిదిమి గింజ చూశారు. "మంచోడే" అన్నారు. తినలేదు. పొద్దుటి నుంచి రెండు లోటాల మజ్జిగ తప్ప లోపలికి ఏమీ పోలేదు.

అత్తయ్యకు ఓపిక నశించింది. "ఈ రాయికోసరం ప్రాణం తీసుకుంటావా? ఈ రాయి ఈ వూర్ది గూడా కాదు. మీ తాత యాడనుండో నెత్తిన పెట్టుకోని వచ్చినాడంట కదా!"

నేను అదిరిపడి లేచాను. ఈ మాట పొద్దున ఎవరూ చెప్పలేదేం?

"ఏ ఊరి నుంచి మామయ్యా?"

"తెలీదప్పా. ఆ వూరి పేరు నోట రానీలేదంట ఆయప్ప. వచ్చినాక ఈడ దినాలకొద్దీ పొద్దన్నే కూసోని, పాత వూర్లో ఎండ ఆ పాదాల మీద ఎట్ల పడతా ఉండెనో అట్లనే పడేదాకా రాయిని జరిపి జరిపి పెట్టినాడంట. మా నాయన చెప్పినాడు."

అయ్యో పెద్దమనిషీ! ఎండను తెచ్చుకున్నాడు కానీ, ఊరు మారితే కొండ ఉన్న దిక్కు కూడా మారుతుందని తట్టలేదు. అక్కడ కొండను చూసిన పాదాలను అంతే జాగ్రత్తగా ఇక్కడ కలికిరి చేను వైపు తిప్పి పెట్టాడు.

అయితే ఈ దిక్కు ఎక్కడో ఒకచోట నిజం. ఆ నాలుగు ఆమడలు కూడా ఆ ఊరి నుంచి తెచ్చిన మాటే అయి ఉండాలి. అలాగైతే తిరుమల దగ్గర మొదలుపెట్టి, పాదాలకు సరిగ్గా ఎదురు దిక్కుగా, అంటే ఆగ్నేయం వైపు, నాలుగు ఆమడలు వెనక్కి నడిస్తే ఆ పాత ఊరు రావాలి. లెక్క చేశాను. తొందరలో కాలిక్యులేటర్ మీద రెండుసార్లు తప్పు నొక్కాను. వచ్చిన అంకెలను పటం మీద పెడితే నగరి ప్రాంతంలో పడ్డాయి.

"నేనూ వస్తా" అన్నారు మామగారు.

నగరి దారి

ఖాళీ కడుపుతో ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చిత్తూరు, కార్వేటినగరం మీదుగా పుత్తూరు బస్సెక్కాను. అత్తయ్య సీసాలో మజ్జిగ పోసిచ్చింది. పుత్తూరు దగ్గర పడేకొద్దీ బస్సు నిండా చేతికో కాలికో కట్లున్న జనం. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. ఒకాయన నన్ను చూసి, "మీకేడ ఇరిగింది సామీ?" అని అడిగాడు. మా అత్తవారింట్లో నా పరువు విరిగిందని చెప్పలేకపోయాను.

నగరి వైపు భాష మారిపోయింది. సగం తెలుగు, సగం అరవం. కొట్టు మీద బోర్డులు కూడా రెండు భాషల్లో. వీధి వీధినా పవర్‌లూమ్‌ల చప్పుడు. మిషను చూసుకుంటూ ఒక చిన్న ఊరి పొలిమేరలో ఆగాను. లెక్క సరిగ్గా ఇక్కడే ముగుస్తుందని చెప్పలేను. రాయి కోణంలో ఒక్క డిగ్రీ తప్పినా అంత దూరం వచ్చేసరికి ముప్పావు కిలోమీటరు పక్కకు పోతుంది. టీ కొట్టు దగ్గర ఉన్నాయన్ను అడిగాను.

"ఈ చుట్టుపక్కల పాదాల రాయి ఉన్న ఇల్లేదైనా ఉందాండీ?"

"పాదాల రాయా? లేదు సార్. పాదాల గుంట ఉండాది. అదిగో, ఆ మగ్గాల ఇంట్లో."

మామగారు నా భుజం పట్టుకున్నారు. ఆయన వేళ్ళు నా చొక్కాలోంచి గుచ్చుకున్నాయి.

పాదాల గుంట

ఆ ఇంటి పెద్ద ఆండాళమ్మ. మామగారి ఈడు మనిషి. ఆమె పుట్టిల్లే అది; భర్త ఇల్లరికం వచ్చాడు. దూరం నుంచి గుంటకు మొక్కడానికి వచ్చామనుకుని నేరుగా దొడ్లోకి తీసుకెళ్ళింది. అక్కడ సున్నం కొట్టిన తిన్నె. తిన్నె మధ్యలో పొడవాటి పలక ఆకారంలో ఖాళీ గుంట. పసుపు, కుంకుమ, పక్కన వెలుగుతున్న ప్రమిద. లోపల ఏమీ లేదు.

"ఈడ సామి పాదాలు ఉండెనంట. ఒక దినం తెల్లారి చూస్తే లేవు. సామే పాదాలేసుకోని కొండకు నడిచిపోయినాడని మా అవ్వ చూసి చెప్పింది. పెరటాసి నెల శనివారాలు ఊరు ఊరంతా ఈడికే వస్తాది" అంది. ఎన్నోసార్లు చెప్పిన మాట కాబట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

నేను గుంట అంచుకు దిక్సూచి ఆనించాను. పూతలపట్టు రాయి ఏ కోణమో ఇదీ అదే. మిషన్లో తిరుమల పెట్టాను. బాణం గుంట వెంబడే తిన్నగా సాగింది.  అంకెలతో బతికేవాణ్ణి, అయినా నా లెక్క నా కళ్ళ ముందు నిజమైతే భయమేసింది. మామగారు వంగి గుంట పొడవు జానతో కొలిచారు. రోజూ కడిగే రాయి కదా, కొలత ఆయన చేతికి తెలుసు. లేచి, గుంట వెనక నిలబడి, కొండ వైపు దండం పెట్టారు. ఆ దండం చాలాసేపటి దాకా దించలేదు.

తరువాత ఆయన చేసిన పని నేను ఊహించలేదు.

"నడిచిపోలేదమ్మా" అన్నారు. "మా తాత ఎత్తకపోయినాడు. ఆ రాయి మా దొడ్లో ఉండాది, దిక్కు తప్పి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరంతా మొక్కే చోట, పరాయి ఊళ్ళో, ఇదా చెప్పే మాట? ఆండాళమ్మ అటూ ఇటూ చూసింది. దొడ్డి తలుపు గడియ పెట్టింది. మగ్గం మాత్రం ఆపించలేదు. మా మాటలు బయటికి వినబడకుండా అది అలాగే మోగుతూ ఉంది.

"తెలుసన్నా" అంది.

మామగారు తెల్లబోయారు.

"మా తాత, మీ తాత అన్నదమ్ములు. పంచుకునేటప్పుడు కొట్లాడుకున్నారంట. చిన్నోడు అలిగి పోయినాడు. అదే దినం పాదాలూ పోయినాయి. మా అవ్వకు తెలీకుండా ఉంటాదా? కానీ ఊర్లో వాళ్ళు మరిదిని దొంగ అంటారు. రేపు మనసు మారి తిరిగొచ్చినా ఏ మొగం పెట్టుకోని వీధిలో నడుస్తాడు? అందుకని ఆ మాట పుట్టించింది. ఆయప్ప వస్తాడని చచ్చేదాకా చూసింది. రాలేదు."

మామగారు కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు.

"రేపే జీపు మాట్లాడి తెస్తానమ్మా. మీ రాయి మీ గుంటలో పెడతా."

"తేవద్దు."

"ఎందుకమ్మా?"

"తెస్తే మా అవ్వ అబద్ధాలమనిషి అయిపోతాది, మీ తాత దొంగ అయిపోతాడు. ఇద్దరూ పోయినారు. ఇప్పుడు ఊరి ముందర నిలబెట్టేది ఎందుకు? మాకు ఆ ఖాళీనే అలవాటైపోయింది. రాయి మీకాడ్నే ఉండనీ. దిక్కు మాత్రం సరిగ్గా పెట్టుకో." ఆయన ముఖంలోకి చూసింది. "తిన్నావా అన్నా? మొగం అట్లుండాదే?"

రెండు రోజులుగా తినలేదని నేను చెప్పాను. ఆమె లోపలికి పోయి ఆకు వేసింది. అన్నం, మురుంగక్కాయ సాంబారు, అప్పళం. మామగారు ఏడుస్తూనే తిన్నారు. మారు అడిగి మరీ తిన్నారు. ఆయన ముద్ద ముద్దకీ నా గుండె బరువు దిగింది.

బయలుదేరేటప్పుడు ఆమె నా చేతిలోని మిషనును అనుమానంగా చూసింది. "అన్నా, మీ అల్లుడు రాసే మనిషి మాదిరి ఉండాడు. రాసుకోనీ. ఊరి పేరు మాత్రం రాయొద్దని చెప్పు."

తిరిగి పూతలపట్టు

బస్సు చిత్తూరు చేరింది. మామగారు అన్నారు, "ఆయమ్మ పేరైనా అడగలేదు సూడప్పా నేను. మా తాత పరువు చచ్చేదాకా కాచిందే, ఆ అవ్వ."

మర్నాడు పొద్దున గడ్డపారతో రాయిని కదిలించారు. నన్ను సాయం పట్టనివ్వలేదు. మిషను పట్టుకుని, ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం అని చెప్పడం వరకే నా పని. పాదాలు పశువుల కొట్టం వైపు తిరిగాయి. దాని అవతల ఎక్కడో కొండ. ఆయన మడమల వెనక నిలబడి దండం పెట్టారు. తరువాత నన్ను పిలిచారు.

"ఆ గుంట యాపక్కుండాది అల్లుడా?"

మిషన్లో ఆ చోటు దాచుకుని ఉన్నాను. చూపించాను. ఇంచుమించు నేరు తూర్పు. ఆయన అటు తిరిగి, పేరు తెలియని ఆ అవ్వకు ఇంకో దండం పెట్టారు. అత్తయ్య ఉడకబెట్టి పెట్టిన బాషా చెనక్కాయలను, ప్రసాదం అని కళ్ళకద్దుకుని వలుచుకు తిన్నారు. సుగుణ నాతో మళ్ళీ మాట్లాడింది.

యాత్ర రాసేవాడు తను చూసిన చోటికి దారి చెప్పడం న్యాయం. నా దగ్గర దారి కాదు, అంకెలే ఉన్నాయి. లెక్కలో తేలినవి కావు, ఆ గుంట పక్కన నిలబడి మిషన్లో దాచుకున్నవి. వాటితో మీరు సరిగ్గా ఆ తిన్నె ముందు నిలబడగలరు. కానీ ఇవ్వను. ఆ పూటే దొడ్లో నిలబడి మిషన్లోంచి ఆ చోటును చెరిపేశాను. "మరి రేపు ఆ అవ్వకు యాపక్కని మొక్కేది?" అని మామగారు కంగారు పడ్డారు. పొద్దు పొడిచే వైపే మామయ్యా అన్నాను.